బాబాయి కూతురు చెల్లెలు, మేనమామ కూతురు మరదలు: ఎందుకలా?

యాంకర్: నమస్కారం. ఆంత్రోపాలజీ, అంటే మనుషుల జీవన పద్ధతుల్ని చదివే శాస్త్రం అనగానే అడవులు, గిరిజన గూడేలు గుర్తొస్తాయి. మీరేమో మన ఇళ్ల నుంచే మొదలుపెడదాం అన్నారు మేడమ్.

అధ్యాపకురాలు: అవునండి. మనలో చాలామందికి బాబాయి కూతురంటే చెల్లెలు. పెళ్లి మాట ఎత్తడమే తప్పు. అదే మేనమామకు కూతురు పుడితే "నీ పెళ్లాం పుట్టిందిరా" అని పిల్లాణ్ని ఆటపట్టిస్తారు. రక్తం లెక్క తీస్తే ఇద్దరూ సమాన దూరమే! చాలా అరబ్బు సమాజాల్లో బాబాయి కూతురే మంచి సంబంధం. ఉత్తరాదిన చాలా హిందూ కులాల్లో ఇద్దరూ చెల్లెళ్లే. ఎవరికి వాళ్లు తమ పద్ధతే సహజం అనుకుంటారు.

డాక్టర్: ఒక్క నిమిషం. మేనరికాల్లో పిల్లలకు జన్యు లోపాల ముప్పు పెరుగుతుంది. మేనమామనే చేసుకుంటే ఇంకా ఎక్కువ. దాన్ని వైవిధ్యం అని మెచ్చుకోలేం.

అధ్యాపకురాలు: నేను మెచ్చుకోవట్లేదు సర్. ఆ ఇంటివాళ్ల లెక్కేమిటో చెబుతున్నాను. ఆస్తి బయటికి పోదు, పిల్ల ముక్కూమొహం తెలియని ఇంటికి కాక మేనత్త ఇంటికే వెళ్తుంది. పైగా గోత్రం వేరు.

డాక్టర్: అది నిజం. ఇంటిపేర్లు వేరైతే రక్తం ఎలా కలుస్తుందని నన్నే అడుగుతారు.

యాంకర్: శాస్త్రం ఈ వరసల్ని ఎప్పుడు పట్టించుకుంది?

అధ్యాపకురాలు: అమెరికాలో లూయిస్ హెన్రీ మోర్గాన్ అనే ఆంత్రోపాలజిస్టు 1871లో అచ్చువేసిన బంధుత్వ పట్టికల్లో తమిళ, తెలుగు వరసలున్నాయి. కానీ పట్టికలు చాలవు, అక్కడ ఉండి చూడాలి. మలినోవ్‌స్కీ అనే ఆంత్రోపాలజిస్టు 1915-18 మధ్య రెండు విడతలుగా ట్రోబ్రియాండ్ దీవుల్లో గుడారం వేసుకుని, వాళ్ల భాష నేర్చుకున్నాడు. ఇప్పుడవి పపువా న్యూగినీలో ఉన్నాయి. అక్కడ వంశం తల్లిది. మగవాడు తన తోటలోని పెండలం దుంపల్లో మంచివి ఏరి, నలుగురూ చూసేలా కుప్ప పోసి, తోబుట్టువు భర్త గాదెకు పంపుతాడు. తన గాదె నింపేది బావమరుదులు. దారిన పోయేవాడికి అది మామూలు పంటకోతే!

యాంకర్: అంటే ఆడవాళ్లదే పెత్తనమా?

అధ్యాపకురాలు: కాదండి. మేఘాలయలోని ఖాసీ తెగలోనూ ఇంటిపేరు తల్లిది, ఇల్లు చిన్న కూతురిది. అయినా పెద్ద విషయాల్లో మేనమామ మాటకు సంప్రదాయంగా విలువెక్కువ.

డాక్టర్: మరి నా దగ్గరికొచ్చేవాళ్లని నేను "దగ్గరి సంబంధమా?" అని అడిగితే కాదంటారేమో.

అధ్యాపకురాలు: అనొచ్చు సర్. "పెళ్లికి ముందు మీ ఆయన మీకు ఏమయ్యేవారు?" అని అడిగి చూడండి. బావో, మామయ్యో చెబుతారు. ఎవరి వైపు నుంచో కూడా రాసుకోండి.