కష్టపడ్డాడా, కష్టాలు పడ్డాడా?

పెద్దలకు, పిల్లలకు నమస్కారం. అనంతపురంలో కష్టం మీద ప్రసంగం అంటే వానల లెక్కలు, అప్పుల లెక్కలు చెబుతానని అనుకొని వచ్చినవాళ్లు కొందరుంటారు. కరువు మాట వస్తుంది గానీ కాస్త ఆగాలి. ముందు ఆ రెండక్షరాల మాట సంగతి చూద్దాం.

మూడు వాక్యాలు చెబుతాను. "కష్టపడి చదివాడు." "కష్టాలు పడి చదివాడు." "కష్టంగా చదివాడు." మొదటివాడు తెల్లవారుజామునే లేచి పుస్తకం పట్టినవాడు. రెండోవాడికి ఫీజు కట్టే దిక్కు లేదు, సెలవులొస్తే కూలికి పోయాడు. మూడోవాడికి అక్షరాలు కూడబలుక్కోవడమే సరిపోయింది. మొదటివాణ్ని మెచ్చుకుంటాం, రెండోవాణ్ని చూసి అయ్యో అంటాం, మూడోవాడి వాళ్ల నాయనను బడికి పిలిపిస్తాం.

ఏకవచనంలో పని, బహువచనంలో బాధ. ఇదేదో ఈ ఒక్క మాటకు పట్టిన తిక్క అనుకునేరు. 'పాటు' చూడండి. 'పడు' నుంచి పుట్టిన అచ్చతెలుగు మాట. ఊరి కోసం పాటుపడ్డాడు అంటే సేవ చేశాడని. నానా పాట్లు పడ్డాడు అంటే వేరే కథ. 'శ్రమ' కూడా అంతే. శ్రమ అంటే మనకు పని. కానీ చర్చికి పోయే ఇళ్లలో అడగండి, ఈస్టరుకు ముందు వచ్చే నలభై రోజులను శ్రమల దినాలు అంటారు. క్రీస్తు శ్రమలు అంటే ఆయన పడిన హింస. తెలుగు బైబిల్లో "శ్రమయందు ఓర్పు గలవారై" అని ఏకవచనంలోనూ ఉంది, అక్కడా అర్థం బాధే. పక్కపక్క వీధుల్లో ఉంటూనే ఒకరు శ్రమ అంటే చెమట అనుకుంటారు, ఇంకొకరు సిలువ అనుకుంటారు.

ఈ సూత్రం అన్నిచోట్లా నిలవదు, అదీ చెప్పాలి. చావు పలకరింపుకు పోయినప్పుడు, "పాపం, కడాకు శానా కష్టపడింది జేజి" అంటారు. అక్కడ ఆమె పని చేసిందేమీ లేదు, మంచంలో ఉంది. కష్టం 'వస్తే' ఏకవచనంలోనూ బాధే: "ఎంత కష్టమొచ్చె నాయనా!" కాబట్టి వచనం సగం చెబుతుంది, క్రియ మిగతా సగం చెబుతుంది. కష్టం రావడం, పడటం, చేయడం, పెట్టడం వేరువేరు. మనసు కష్టపెట్టుకోవడం అనేది ఇంకోటి, దానికి పనితోనూ సంబంధం లేదు, పేదరికంతోనూ లేదు. పెళ్లిపత్రిక ఇంటికొచ్చి ఇవ్వకుండా ఫోనులో పంపిస్తే చాలు.

మాట సంస్కృతం నుంచి వచ్చిందే. అక్కడ ఎక్కువగా విశేషణం: చెడ్డది, బాధ పెట్టేది, క్లిష్టమైనది. చెమటోడ్చే పని అన్న అర్థం మన భాషల్లోకి దిగాక బలపడింది. మరాఠీలో కూలిజనాన్ని 'కష్టకరీ' అంటారు. మడకశిర దాటితే కన్నడంలోనూ ఇంచుమించు మన వాడుకే. హిందీ మాత్రం దాన్ని మర్యాదకు వాడుకుంది, 'దయచేసి రండి' అనడానికి 'పధార్‌నే కా కష్ట్ కరే' అని రాస్తారు. మనం అట్ల "వచ్చే కష్టం చేయండి" అని పిలిస్తే ఒక్కరూ భోజనానికి రారు.

ఇప్పుడు మన చేలల్లోకి పోదాం. ఇక్కడ కష్టానికి ఇంకో అర్థముంది, నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది: పనికి దక్కాల్సిన ఫలం. "వాడు నా కష్టం తినె." "పెట్టుబడి వొచ్చె గానీ కష్టం రాలే." శెనక్కాయ కల్లం దగ్గర ఈ రెండో వాక్యం వినని సేద్యగాడు ఉండడు. విత్తనం, ఎరువు, బాడుగ చేతికొచ్చాయి, ఇంటిల్లిపాదీ చేసిన పనికి రూపాయి మిగల్లేదు అని భావం. పంటల ధరలు లెక్కగట్టే కేంద్ర సంఘం ఇదే సంగతిని 'ఏ2', 'ఏ2 ప్లస్ ఎఫ్ఎల్' అని రాస్తుంది. ఏ2 అంటే చేతినుంచి పెట్టిన ఖర్చు. ఎఫ్ఎల్ అంటే ఇంటివాళ్ల పనికి కట్టే విలువ. మద్దతు ధర ఈ రెండూ కలిపిన ఖర్చుకు ఒకటిన్నర రెట్లు ఉండాలని 2018 బడ్జెట్లో ప్రకటించారు. కాదు, భూమి కౌలు, సొంత పెట్టుబడి మీద వడ్డీ కూడా కలిపిన 'సీ2' మీద కట్టాలని రైతు సంఘాలు అడుగుతున్నాయి. ఎఫ్ఎల్ మా కల్లాల్లో చాలా ముందు నుంచీ ఉంది. పేరు కష్టం, అంతే.

'కష్టే ఫలి' అంటారు కదా, బడి గోడల మీద రాస్తారు. అది కాలువ కింద పొలమున్నవాళ్లు రాసిన మాట అయ్యుంటుందని నా అనుమానం. ఏడాదికి 550 మిల్లీమీటర్లు పడితే మంచి ఏడు అనుకునే చోట దాన్ని గోడకెక్కించడానికి ధైర్యం కావాలి.

కరువు మాట ఇప్పుడు. 1876-78 ధాత కరువు నాటికి అనంతపురం జిల్లా లేదు, బళ్లారిలో కలిసి ఉండేది, 1882లో వేరుపడింది. ఆ కరువులో తిండి కావాలంటే పనికి రావాలన్నారు. చెరువులు తవ్వాలి, రాళ్లు కొట్టాలి. 1877లో బ్రిటిష్ సర్కారు పంపిన అధికారి రిచర్డ్ టెంపుల్ కూలిని రోజుకు ఒక పౌను (దాదాపు అర కిలో) ధాన్యానికి, దాంతోపాటు కొద్దిపాటి డబ్బుకు తగ్గించాడు. బక్కచిక్కినవాడు ఆ కూలికి రాయి కొడుతుంటే అతను కష్టపడుతున్నాడనాలా, కష్టాలు పడుతున్నాడనాలా? నేను ఇందాక చెప్పిన తేడా అక్కడ పనికిరాదు.

2006 ఫిబ్రవరి 2న మన నార్పల మండలం బండ్లపల్లిలో ఉపాధి హామీ పథకం మొదలైంది. దానికి కాగితాల మీద చాలా పొడుగు పేరుంది. ఊర్లో మాత్రం "కరువు పనికి పోతాండా" అంటారు. వానలు బాగా పడిన ఏడు కూడా అదే పేరు.

ఇక నిఘంటువులు. వాటిలో కష్టము దగ్గర ఇబ్బంది, బాధ, శ్రమ అని వరుసగా అర్థాలు పెట్టి వదిలేస్తే చాలదని నా అభిప్రాయం. 'కష్టపడు' ఒక ఆరోపం, అంటే నిఘంటువులో విడిగా ఎక్కించే మాట, 'కష్టాలు పడు' ఇంకో ఆరోపం కావాలి. 'నా కష్టం' అనే ఆస్తిలాంటి అర్థానికి వేరే చోటు కావాలి. "బస్సు దొరకడం కష్టం" అన్నప్పటి సందేహార్థం, డాక్టరు వరండాలోకి వచ్చి "కష్టమమ్మా" అన్నప్పటి అర్థం ఒకటి కావు, రెండూ రాయాలి. విద్యార్థులు ఎవరైనా ఊరికి పోయి వాక్యాలు రాసుకొస్తానంటే నా దగ్గర కొన్ని కాగితాలున్నాయి, ఇస్తాను. క్రియతో సహా రాయండి, ఎవరు ఎవరితో అన్నారో కూడా రాయండి. ఉత్త మాట రాసుకొస్తే పనికిరాదు.