జబ్బు కంప్యూటర్‌దా, నెట్‌దా?

విశాఖపట్నం శ్రోతలతో జరిపిన ఫోన్-ఇన్ కార్యక్రమం నుంచి

వ్యాఖ్యాత: శ్రోతలకు నమస్కారం. కంప్యూటర్ తెరుచుకునేలోపు టీ పెట్టుకుని తాగేయవచ్చని, సాయంత్రమైతే నెట్ ఆగిపోతోందని చాలామంది మాకు రాస్తున్నారు. ఈ నగరంలోనే ఏళ్లుగా కంప్యూటర్లు బాగుచేస్తున్న మాస్టారు మనతో ఉన్నారు. నమస్కారం మాస్టారూ.

నిపుణుడు: నమస్కారమమ్మా. ఫోన్లు తీసుకునే ముందు ఒక్క మాట. నా దగ్గరికి వచ్చేవారిలో చాలామంది అప్పటికే ఏదో ఒకటి కొనేసి వస్తారు. నెట్ ప్లాన్ పెంచుకుంటారు, తీరా చూస్తే జబ్బు హార్డ్ డిస్క్‌లో ఉంటుంది. కొత్త కంప్యూటర్ కొంటారు, జబ్బు వైఫై డబ్బా పెట్టిన చోటులో ఉంటుంది. కష్టపడి కూడబెట్టిన డబ్బు అలా పోతుంటే నాకు బాధగా ఉంటుంది. ముందు నెట్ ఆపేసి, కంప్యూటర్‌లో ఉన్న ఫైలు ఏదైనా తెరిచి చూడండి. అప్పుడూ నత్తనడకే అయితే నెట్‌ను తిట్టి లాభం లేదు.

శ్రోత, గాజువాక: నమస్కారమండీ. నేను రిటైరైన ఉద్యోగిని. కంప్యూటర్ 2017లో కొన్నాను. ఇప్పుడు మీట నొక్కాక పది నిమిషాలకు గానీ పనికి రావడం లేదు. ప్లాన్ పెంచితే సరిపోతుందని నెట్ అబ్బాయి అన్నాడు.

నిపుణుడు: ఆ డబ్బు కట్టకండి. ఇప్పుడు కంప్యూటర్ ముందే ఉన్నారా?

శ్రోత: ఉన్నానండీ.

నిపుణుడు: కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు మూడూ ఒకేసారి నొక్కండి. టాస్క్ మేనేజర్ వస్తుంది. చిన్నగా కనిపిస్తే కింద ‘మోర్ డీటెయిల్స్’ నొక్కండి.

శ్రోత: వస్తోంది... వచ్చింది.

నిపుణుడు: పైన వరుసగా ఉన్న అంకెలు చదవండి.

శ్రోత: సీపీయూ 9. మెమరీ 61. డిస్క్... 100.

నిపుణుడు: అలాగే చూస్తూ ఉండండి. తగ్గుతోందా?

శ్రోత: లేదు, అక్కడే నిలబడింది. నేనింకా ఏమీ తెరవలేదే!

నిపుణుడు: కంప్యూటర్‌కు మెదడైన ప్రాసెసర్‌కి, అంటే ఆ సీపీయూకి, చేతినిండా తీరికే. అది డిస్క్ కోసం ఎదురుచూస్తూ కూర్చుంది. పాత హార్డ్ డిస్క్ లోపల పళ్లెం నిమిషానికి 5,400 సార్లో 7,200 సార్లో తిరుగుతుంది. దాని మీద సన్నటి చేయి ఒకటి అటూ ఇటూ పరుగెత్తి సమాచారం ఏరుకొస్తుంది. ఒకే వరుసలో ఉన్న పెద్ద ఫైలునైతే సెకనుకు వంద మెగాబైట్ల దాకా చదివేస్తుంది. విండోస్ మొదలయ్యేటప్పుడు కావలసినవి మాత్రం వేలకొద్దీ చిన్న ఫైళ్లు. అవి పళ్లెమంతా చెల్లాచెదురుగా ఉంటాయి. అప్పుడు ఆ చేతికి ఊపిరాడదు, వేగం సెకనుకు ఒకటి రెండు మెగాబైట్లకు పడిపోతుంది. ఎస్‌ఎస్‌డి అనే కొత్త రకం డిస్క్‌లో తిరిగే భాగమే ఉండదు కాబట్టి ఈ వెతుకులాట ఉండదు. మీ కంప్యూటర్‌కు కావలసింది అదే, కొత్త ప్లాన్ కాదు. ఇంకొకటి, యాంటీవైరస్‌లు ఎన్ని వేశారు?

శ్రోత: రెండండీ. ఒకటి మా అబ్బాయి వేశాడు, ఇంకొకటి షాపువాళ్లు వేశారు.

నిపుణుడు: రెండూ ప్రతి ఫైలునూ తెరిచి చూస్తాయి. ఒక గుమ్మానికి ఇద్దరు కాపలావాళ్లు నిలబడి వచ్చినవారిని చెరొకసారి సోదా చేసినట్టు. ఒకటి తీసేయండి. రెండూ తీసేసినా, విండోస్‌తో వచ్చేదే ఇంటికి చాలు. విండోస్ 10 అయితే మామూలు భద్రతా అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి, డిస్క్ మార్చేటప్పుడు ఆ సంగతీ చూడాలి. ఇప్పుడు నాకు కావలసింది వేరే. కంప్యూటర్ కేసుకు చెవి ఆనించి వినండి. ఏమైనా చప్పుడు వస్తోందా?

శ్రోత: పైన ఫ్యాను గోలలో ఏమీ తెలియడం లేదండీ.

నిపుణుడు: ఫ్యాను ఆపి, ఐదు నిమిషాలు విని మళ్లీ ఫోన్ చేయండి. మరిచిపోకండి. అందులో ముఖ్యమైనవి ఏమున్నాయి?

శ్రోత: ఇంటి ఫొటోలన్నీ అందులోనే ఉన్నాయి.

నిపుణుడు: అయితే తప్పకుండా చేయండి.

వ్యాఖ్యాత: ఎంవీపీ కాలనీ నుంచి ఒక అమ్మగారు ఉన్నారు.

శ్రోత, ఎంవీపీ కాలనీ: మాస్టారూ, మా అమ్మాయి వేరే దేశంలో ఉంటుంది. రాత్రి ఎనిమిదింటికి వీడియో కాల్ చేస్తే మనవడి ముఖం నోరు తెరిచినట్టే నిలిచిపోతుంది. పగలు మాత్రం బాగుంటుంది.

నిపుణుడు: డబ్బా దగ్గరికి వెళ్లండమ్మా. ‘పాన్’ అన్న దీపం ఎలా ఉంది? సిగ్నల్ పోతే వెలిగే ‘లాస్’ అన్న చోట ఎర్రగా ఏమైనా వెలుగుతోందా?

శ్రోత: పచ్చది నిలకడగా ఉంది. ఎర్రది లేదు. కాస్త ఆగండి, కుర్చీ ఎక్కి చూస్తున్నాను.

నిపుణుడు: దిగండమ్మా, జాగ్రత్త! కుర్చీ ఎందుకు? డబ్బా ఎక్కడుంది?

శ్రోత: బీరువా మీద. దుమ్ము పడకుండా పక్కన గోడకు జరిపాం.

నిపుణుడు: ఇనప బీరువానా?

శ్రోత: అవునండీ.

నిపుణుడు: ఫైబర్ మీ గోడ దాకా బాగానే వస్తోంది, ఆ పచ్చ దీపం చెప్పేది అదే. ఆ తర్వాత సిగ్నల్‌కు ఇనుము అడ్డుపడుతోంది. మరి పగలు ఎందుకు బాగుంటుందంటే, అప్పుడు పక్క ఫ్లాట్లవాళ్లు ఆఫీసుల్లో ఉంటారు. రాత్రి ఎనిమిదింటికి అందరి వైఫైలూ ఒక్కసారి మొదలవుతాయి. వైఫై వాడే 2.4 గిగాహెర్ట్జ్ తరంగాల్లో ఒకదానికొకటి తగలని ఛానళ్లు మూడే, 1, 6, 11. అపార్టుమెంటులో ఇరవై ఇళ్లుంటే ఆ మూడింటిలోనే సర్దుకోవాలి. రాత్రి ఏడింటి బస్సులా కిక్కిరిసిపోతుంది. అందుకే డబ్బాను హాలులోకి, బల్ల ఎత్తుకు తెప్పించండి. మీ డబ్బాలో 5 గిగాహెర్ట్జ్ ఉంటే వీడియో కాల్‌కు దాన్నే ఎంచుకోండి. అది గోడలు అంతగా దాటదు కాబట్టి అదే గదిలో కూర్చోవాలి.

శ్రోత: ఇంత చేసినా ఆగిపోతే?

నిపుణుడు: అప్పుడు కంప్యూటర్‌లో నల్ల కమాండ్ కిటికీ తెరిచి జవాబు వస్తోందో లేదో చూసే పింగ్ అన్న ఆదేశం కొట్టి, మీ డబ్బా చిరునామా ఇవ్వండి. చాలా డబ్బాలకు 192.168.1.1 ఉంటుంది, అడుగున అంటించిన కాగితం మీద కనిపిస్తుంది. తర్వాత బయట ఉన్న గూగుల్‌వాళ్ల సర్వర్ 8.8.8.8కి కూడా అలాగే చేయండి. డబ్బా నుంచి జవాబులు వెంటవెంటనే వస్తూ, బయటివి మాత్రం మధ్యమధ్య రాకుండా పోతుంటే తప్పు మీ ఇంట్లో లేదు. ఆగిన తేదీ, సమయం కాగితం మీద రాసుకోండి. ఫిర్యాదు చేసినప్పుడు ఇచ్చే డాకెట్ నంబరు తప్పకుండా అడిగి తీసుకోండి. వాళ్లు పట్టించుకోకపోతే ఆ సంస్థలోనే అప్పీలు విభాగం ఉంటుంది, ఆ నంబరు లేకుండా అక్కడికి వెళ్లలేరు. ‘రోజూ ఆగిపోతోంది’ అంటే ఎవరూ వినరమ్మా. ‘మంగళవారం 8.10 నుంచి 8.40 దాకా ఆగింది’ అంటే వింటారు.

శ్రోత, పెందుర్తి: సార్, మాకు ఎర్ర దీపమే వస్తోంది. విచిత్రం ఏమిటంటే పెరటి తలుపు వేసినప్పుడే!

నిపుణుడు: తీగ ఆ తలుపు సందులోంచి లోపలికి వస్తోందా?

శ్రోత: అవును సార్.

నిపుణుడు: తలుపు వేసినప్పుడల్లా తీగ నలుగుతోంది. ఫైబర్‌లో పోయేది వెలుతురు. తీగ బాగా వంగితే ఆ వంపు దగ్గర వెలుతురు బయటికి పోతుంది. గోడకు రంధ్రం వేసి తీగను అందులోంచి తెప్పించండి. మీరు మాత్రం దాన్ని విప్పి, దాని కొనను కంటి ఎదుట పెట్టుకుని చూడవద్దు. ఆ వెలుతురు కంటికి కనిపించదు, కానీ హాని చేయగలదు.

శ్రోత, మద్దిలపాలెం: సార్, 100 ఎంబీల ప్లాన్ తీసుకున్నాను. డౌన్‌లోడ్ 12 దాటడం లేదు. మోసం కదా?

నిపుణుడు: కాదు నాయనా. వాళ్లు చెప్పింది మెగాబిట్లు, నీకు కనిపిస్తున్నవి మెగాబైట్లు. ఎనిమిది బిట్లు ఒక బైటు. వందను ఎనిమిదితో భాగిస్తే పన్నెండున్నర. నీకు రావలసింది వస్తోంది.

శ్రోత, లాసన్స్ బే కాలనీ: మాది సముద్రం ఎదురుగా ఉన్న ఇల్లు. కంప్యూటర్ కిటికీ పక్కనే ఉంటుంది. అరగంట వాడితే వేడెక్కి మందగిస్తుంది. ఒక్కోసారి అసలు ఆన్ కాకుండా బీప్ బీప్ అంటుంది.

నిపుణుడు: ఇది మన ఊరి జబ్బు. కిటికీలోంచి వచ్చే ఉప్పుగాలిలో తేమ ఉంటుంది. దానికి దుమ్ము తోడై ఫ్యాను రెక్కలకు బంకలా పట్టేస్తుంది. వేడి బయటికి పోకపోతే ప్రాసెసర్ తనను కాపాడుకోవడానికి తనే వేగం తగ్గించుకుంటుంది. బీప్ శబ్దం చాలావరకు ర్యామ్, అంటే మెమరీ పట్టీ, వల్లే వస్తుంది. కరెంటు తీగ పూర్తిగా తీసేసి, ర్యామ్ పట్టీని బయటికి తీసి, దాని బంగారు రంగు పళ్లను మెత్తటి రబ్బరుతో నెమ్మదిగా తుడవండి. పొడి దులిపి, క్లిక్ మనేదాకా గట్టిగా కూర్చోబెట్టండి. బల్లను మాత్రం లోపలి గోడకు మార్చండి.

వ్యాఖ్యాత: గాజువాక నుంచి మళ్లీ ఫోన్ వచ్చింది మాస్టారూ.

శ్రోత, గాజువాక: విన్నానండీ. టిక్... టిక్... అని వస్తోంది. ఆగుతోంది, మళ్లీ టిక్.

నిపుణుడు: నా మాట వినండి. దాన్ని ఆపి మళ్లీ ఆన్ చేయకండి. శుభ్రం చేసే సాఫ్ట్‌వేర్ ఏదీ నడపకండి, డిస్క్‌లో ఫైళ్లను సర్దే డీఫ్రాగ్ అసలే వద్దు. డిస్క్ లోపల ఆ చేయి దెబ్బతింటున్న చప్పుడు అది. ఎస్‌ఎస్‌డి సంగతి రేపు చూద్దాం. ఇంట్లో పెన్‌డ్రైవ్ ఉందా?

శ్రోత: 32 జీబీది ఉంది. అన్నీ పట్టవు.

నిపుణుడు: అన్నీ వద్దు. ఇంకెక్కడా లేనివి ఏవి?

శ్రోత: 2014లో హుద్‌హుద్ తుపాను మర్నాడు తీసినవి. పెరట్లో పనస చెట్టు మా పెంకుటింటి మీద పడింది. ఆ ఇల్లు తర్వాత పడగొట్టి అపార్టుమెంటు కట్టారు. మా నాన్నగారు కట్టిన ఇల్లు.

నిపుణుడు: ఆ ఫోల్డర్ ఒక్కటే ముందు. కాపీ కొట్టండి, పెన్‌డ్రైవ్‌లో పేస్ట్ చేయండి. కంప్యూటర్‌ను ఇంకే పనికీ ముట్టుకోకండి. మధ్యలో బిగుసుకుపోతే మళ్లీ మళ్లీ ప్రయత్నించకుండా ఆపేసి, డేటా రికవరీ చేసేవారి దగ్గరికి తీసుకువెళ్లండి. నేను ఫోన్‌లోనే ఉంటాను.

శ్రోత: పేస్ట్ చేశాను. ఏమీ కదలడం లేదు.

నిపుణుడు: ఆగండి. తొందర లేదు.

శ్రోత: ఆ... పచ్చ గీత వచ్చింది మాస్టారూ. నాలుగు శాతం. ఐదు.