అరగంటలో చికెన్ ఫ్లాట్‌బ్రెడ్ | టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో మా బుధవారం రాత్రి భోజనం

హాయ్ అండీ, అందరికీ నమస్తే. బుధవారం, సాయంత్రం ఆరుంపావు అయింది. మా ఆయన ఇప్పుడే ఫోన్ చేశారు, టోల్‌వే మీద ట్రాఫిక్‌లో ఉన్నారట, ఇంటికొచ్చేసరికి ఏడవుతుంది. బాబు స్విమ్మింగ్ నుంచి వచ్చి ఆకలి ఆకలి అంటూ వంటింట్లోనే తిరుగుతున్నాడు. నిన్న మంగళవారం కదా, మా ఇంట్లో మంగళ, శనివారాలు నీచు ముట్టం. అందుకని పొద్దున్నే ఆర్డర్ వేసేశాడు, "అమ్మా, ఇవాళ చికెన్" అని. ఇక చికెన్ ఫ్లాట్‌బ్రెడ్ చేసేస్తున్నా, అంటే నాన్ మీద చికెన్, చీజ్ పరిచి ఓవెన్‌లో కాల్చడమే. అరగంట పని, కొంచెం అటూ ఇటూ.

అన్నిటికంటే ముందు ఓవెన్. 425 డిగ్రీల ఫారెన్‌హీట్‌లో పెట్టాను, ఇండియాలో చూసేవాళ్లకి దాదాపు 220 సెల్సియస్. లోపల ఒక మందపాటి ట్రే బోర్లించి ఉంచాను, ఓవెన్‌తో పాటు అదీ వేడెక్కాలి. పది పదిహేను నిమిషాలు పడుతుంది, ఈలోపు చికెన్ సంగతి చూద్దాం.

ఫ్లాట్‌బ్రెడ్ మధ్యలో మెత్తబడిపోతోంది, చేత్తో పట్టుకుంటే వంగిపోతోంది అని చాలామంది అడిగారు. కారణం ఒక్కటే అండీ, తడి. చికెన్‌లో నీరు, చీజ్‌లో నీరు, పైన పూసే సాస్‌లో నీరు, ఉల్లిపాయల్లో నీరు. ఇవన్నీ కలిసి రొట్టె మీదకి దిగితే ఎంత మంచి రొట్టెయినా నానిపోతుంది. మసాలాల కొలతలు మీ ఇష్టం, మీ ఇంట్లో ఎలా తింటారో అలా వేసుకోండి. తడి దగ్గర మాత్రం జాగ్రత్తగా ఉండండి.

ఇది బోన్‌లెస్ థైస్, అంటే ఎముక తీసేసిన తొడ మాంసం, పౌనున్నర. నేను బ్రెస్ట్ తీసుకోను, ఓవెన్ వేడికి పీచుపీచుగా అయిపోతుంది. ప్యాకెట్ మీద ఇక్కడ చిన్నక్షరాలు చూపిస్తాను చూడండి, ఇంత శాతం వరకు నీరు ఉండొచ్చు అని రాసి ఉంటుంది. అమెరికాలో చాలా వరకు కోడిని కోశాక చల్లటి నీళ్లలో ముంచి చల్లబరుస్తారు, ఆ నీటిని మాంసం కొంత పీల్చుకుంటుంది. అది ఎంతో ప్యాకెట్ మీద చెప్పాలి. 'ఎయిర్ చిల్డ్' అని ఉన్న ప్యాకెట్ అయితే చల్లగాలితో చల్లబరిచింది, నీరు తక్కువ, ధర కాస్త ఎక్కువ. ఫ్రై చేసే రోజు నేను అదే తెచ్చుకుంటాను, కూర అయితే మామూలుది చాలు.

అత్తయ్యగారు గుంటూరు నుంచి వచ్చి ఉన్నారు మా దగ్గర. పక్కనే నిలబడి, "అదేంటమ్మాయ్, కడగవా? ఉప్పూ పసుపూ వేసి రెండు నీళ్లు పొయ్యకుండానే వండేస్తావా?" అంటున్నారు. మన ఊళ్లో కళ్లముందు కొట్టించి తెచ్చిన కోడికి కడగడం అలవాటు. ఇక్కడేమో పచ్చి చికెన్ కడగొద్దనే చెబుతారు, కడిగిన నీళ్లు చింది సింకు మీదా, పక్కనున్న గిన్నెల మీదా సూక్ష్మక్రిములు పడతాయని. ఆవిడకి అదే చెప్పాను. "సరే, బాగా ఉడకనీ అయితే" అన్నారు. నిజమే, క్రిములు చచ్చేది ఉడికినప్పుడే. ముక్క లోపల 165 డిగ్రీల ఫారెన్‌హీట్ రావాలి. గుచ్చి చూసే థర్మామీటర్ ఒకటి ఇంట్లో పెట్టుకోండి, దానితో అనుమానమే ఉండదు.

కడగలేదు కానీ పేపర్ టవల్‌తో గట్టిగా అద్దాను. టవల్ ఎంత తడిసిందో చూడండి! ఇదంతా పెనం మీదకి వెళ్లి ఉంటే ముక్క వేగేది కాదు, ఉడికేది. చిన్న ముక్కలు కోసి ఉప్పు, పసుపు, కారం, ధనియాల పొడి, మిరియాల పొడి, ఒక చెంచా అల్లం వెల్లుల్లి ముద్ద. పెరుగు వెయ్యట్లేదు, మళ్లీ తడి కదా. నిమ్మరసం కూడా ఇప్పుడు కాదు, చివర్లో.

క్యాస్ట్ ఐరన్ పెనం బాగా కాలింది. నూనె వేసి ముక్కలు ఒక వరసగా పరుస్తున్నా, ఒకదాని మీద ఒకటి పడకుండా. అన్నీ ఒకేసారి కుక్కకండి, రెండు వాయిలు వేసుకోండి. వేశాక కదపొద్దు. మూడు నాలుగు నిమిషాలు అలా వదిలేయండి. మనకి గరిటె పట్టుకుంటే కలపకుండా ఉండలేని అలవాటు, ఈ ఒక్కసారికి చెయ్యి ఆపుకోండి. ఇదిగో, ఇప్పుడు తిప్పుతున్నా. దగ్గరగా చూడండి, ఈ ముక్క అంచు చుట్టూ ముదురు ఎరుపు, అడుగున కారం నూనె పట్టి నిగనిగలాడుతోంది, ఒక మూల కొంచెం నల్లబడింది. రుచంతా ఆ మూలలోనే ఉంది. పెనంలో చూడండి, ఒక్క చుక్క నీరు లేదు.

ఇప్పుడు కరివేపాకు. ఇది మా పెరటి కుండీలోది అండీ. చలికాలం మొత్తం గరాజ్‌లో కిటికీ పక్కన పెట్టి కాపాడుకుంటాను, టెక్సాస్‌లో ఒక్క రాత్రి గడ్డకట్టే చలి వచ్చినా చాలు, ఆకంతా రాలిపోతుంది. ఇండియా నుంచి వచ్చేవాళ్లు పచ్చి కరివేపాకు సూట్‌కేసులో తెస్తామంటారు, తేకండి, ఎయిర్‌పోర్టులో తీసేసుకుంటారు. నిమ్మ, నారింజ చెట్లకి తెగులు మోసే చిన్న పురుగు ఒకటుంది, అది కరివేపాకు మీద కూడా బతుకుతుంది. టెక్సాస్‌లో నారింజ తోటలున్నాయి కాబట్టి మొక్కలు ఒకచోటి నుంచి ఇంకోచోటికి తీసుకెళ్లడం మీద కూడా నిబంధనలున్నాయి. అందుకే ఈ రెండు రెమ్మలంటే నాకంత ప్రాణం. నూనెలో పడగానే చిటపటమంది, స్టవ్ కట్టేస్తున్నా. పడకగదుల తలుపులు, బట్టల అల్మారా తలుపులు వేసే ఉంచాను, లేకపోతే రేపు ఆఫీసుకి వేసుకెళ్లే కోటుకి కూడా ఇదే వాసన.

చికెన్ వండే ఓపిక కూడా లేని రోజులుంటాయి. అప్పుడు కాస్ట్‌కో స్టోర్లో దొరికే రొటిసరీ చికెన్, ఊచకి గుచ్చి తిప్పుతూ కాల్చిన కోడి, ఏళ్లుగా 4.99 డాలర్లే. వేడి మీదే ఎముకల నుంచి విడదీసి, పెనంలో నూనె, కరివేపాకు, మిరియాలు, కారం వేసి ఒక్క తిప్పు తిప్పితే అయిపోతుంది.

రొట్టె సంగతికొద్దాం. ఇది షాపులో దొరికే ప్యాకెట్ నాన్. మన ఇళ్లల్లో తందూరు ఉండదు కాబట్టి నాన్ అంటే హోటల్ తిండే మనకి. చికెన్‌కి రొట్టె జోడీ మాత్రం కొత్త కాదు, తెలంగాణలో నాటుకోడి కూరలోకి జొన్నరొట్టె ఎంత బాగుంటుందో తిన్నవాళ్లకి తెలుసు. లవాష్ లాంటి పల్చటి రొట్టె కూడా వాడొచ్చు, కరకరలాడుతుంది కానీ ఇంత బరువు మొయ్యదు. నాన్‌కి రెండు వైపులా నూనె రాసి, ఉత్త నాన్‌ని వేడి ట్రే మీద మూడు నిమిషాలు కాలుస్తున్నా. ఇది వదిలెయ్యకండి, పైపొర గట్టిపడితే తడి లోపలికి దిగదు.

పూతకి ఇవాళ గోంగూర పచ్చడి. పల్చగా, చెంచా వెనక వైపుతో రాయండి చాలు. చికెన్‌కి గోంగూర పులుపు ఎంత బాగా కలుస్తుందో గుంటూరు వాళ్లకి చెప్పక్కర్లేదు. పాపకి కారం పడదు, తనకి చిక్కటి టొమాటో సాస్. మయోనైజ్ వెయ్యొచ్చా అని మా అమ్మ ఫోన్‌లో అడిగింది, 2024 అక్టోబరులో తెలంగాణలో పచ్చి గుడ్డు మయోనైజ్‌ని ఏడాదిపాటు నిషేధించినప్పటి నుంచి ఆ మాట వింటేనే భయం తనకి. ఇక్కడ సీసాల్లో అమ్మేది పాశ్చరైజ్ చేసిన గుడ్డుతో చేస్తారు, ఆ భయం లేదు. కానీ నేను దాని బదులు, గుడ్డలో కట్టి వేలాడదీసిన పెరుగు వాడతాను, తినే ముందు పైన వేసుకోవడానికి.

చీజ్ తెచ్చేటప్పుడు 'లో మాయిశ్చర్' (తడి తక్కువ) మోజరెల్లా అని రాసి ఉన్న గడ్డ తెచ్చుకోండి. నీళ్లలో తేలే తెల్లటి ఉండలు దీనికి పనికిరావు. తురిమి అమ్మేది కూడా పని జరుగుతుంది, కానీ అంటుకోకుండా దానికి పిండి లాంటిది కలుపుతారు, సరిగ్గా కరగదు. ఈ తురమడం బాబు పని. కొంచెం బ్రెడ్ మీదకి, కొంచెం నోట్లోకి.

ముందు చీజ్, దాని మీద చికెన్, పల్చగా తరిగిన ఉల్లిపాయ, పచ్చిమిర్చి, మళ్లీ చిటికెడు చీజ్. పాప తన నాన్ తనే సర్దుకుంది, చికెన్ ముక్కలన్నీ ఒక పక్కకే పెట్టింది, దాని ఇష్టం. మళ్లీ ఓవెన్‌లోకి, ఆరేడు నిమిషాలు. చివర్లో ఒక్క నిమిషం బ్రాయిలర్, అంటే ఓవెన్ పైభాగం నుంచి వచ్చే గట్టి వేడి. ఆ ఒక్క నిమిషం ఓవెన్ ముందు నుంచి కదలకండి, ఫోన్ కూడా ఎత్తకండి.

గరాజ్ డోర్ చప్పుడు, మా ఆయన వచ్చేశారు. నిమ్మరసం పిండి, కొత్తిమీర, పచ్చి ఉల్లిపాయ చల్లి నాలుగు ముక్కలుగా కోస్తున్నా. కత్తి దిగుతుంటే ఆ చప్పుడు వినండి. ముక్క ఎత్తి పట్టుకున్నాను, కొస కూడా వంగలేదు!

అత్తయ్యగారు సగం తిని, "బాగుందమ్మాయ్, గోంగూర భలే కుదిరింది. కానీ అన్నం లేకుండా నిద్రెట్లా పడుతుంది?" అన్నారు. తెలుసు కాబట్టే చిన్న కుక్కర్‌లో గ్లాసు బియ్యం ముందే పెట్టాను. పెరుగన్నం, పక్కన అదే గోంగూర. చివరికి మా ఆయన కూడా అటే చెయ్యి పెట్టారు.

మిగిలిన చికెన్ విడిగా డబ్బాలో పెట్టండి, నాన్ మీద పరిచి దాచకండి. ఫ్రిజ్‌లో మూడు నాలుగు రోజులు ఉంటుంది. లంచ్ బాక్సుకైతే పొద్దున పెనం మీద వేడి చెయ్యండి, మైక్రోవేవ్‌లో పెడితే నాన్ సాగిపోతుంది. శాకాహారులు ఇదే పద్ధతిలో పనీర్ చేసుకోవచ్చు, పనీర్‌ని కూడా ముందు బాగా అద్దాలి. పుట్టగొడుగులైతే విడిగా వేయించి నీరంతా ఇంకిపోయాకే వాడండి. మీరు ఏ పచ్చడి పూసి చేశారో నాకు చెప్పండి, పండుమిర్చి పచ్చడితో చెయ్యాలని ఉంది నాకు ఈసారి. బాబు హోంవర్క్ ఇంకా మొదలే పెట్టలేదు, నేను వెళ్తాను మరి. బై అండీ!