బీబీసీ క్లాస్ క్యాలిక్యులేటర్ రివ్యూ: బ్రిటన్‌లో మధ్యతరగతి అంటే ఎవరు?

అందరికీ నమస్కారం. బ్రిటన్‌లో ఉంటున్న తెలుగువారి వాట్సాప్ గ్రూపుల్లో అప్పుడప్పుడూ మళ్లీ ప్రత్యక్షమయ్యే ఒక లింకు ఉంది. బీబీసీ 2013 ఏప్రిల్‌లో విడుదల చేసిన క్లాస్ క్యాలిక్యులేటర్ అది. మీ ఇంటి ఆదాయం, సొంత ఇల్లు, పొదుపు, పరిచయాలు, తీరిక వేళల అభిరుచులు అడిగి, ఈ దేశపు సమాజంలో మీరు ఏ మెట్టు మీద ఉన్నారో నిమిషంలో చెప్పేస్తుంది. ఇక్కడ మధ్యతరగతి కావడమంటే ఏమిటని నన్ను తరచుగా అడిగే ప్రేక్షకుల కోసం ఈ రోజు దానినే సమీక్షిస్తున్నాను. ముందుగా ఒక మాట చెప్పాలి. ఈ వీడియోకు ఒక గృహరుణ సలహా సంస్థ డబ్బు చెల్లించింది. ఇంటి కొనుగోలు గురించి ఎక్కడో ఒకచోట మాట్లాడాలని మాత్రమే వారు కోరారు. ఏం మాట్లాడాలో వారు చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఈ క్యాలిక్యులేటర్ బ్రిటిష్ సమాజాన్ని ఏడు వర్గాలుగా విడదీస్తుంది. వాటి పేర్లూ శాతాలూ అన్నిటినీ ఇక్కడ వల్లె వేయను. నేపథ్యం మాత్రం తెలిసి ఉండాలి. 2011లో బీబీసీ ఆన్‌లైన్‌లో పెట్టిన ప్రశ్నావళికి దాదాపు 1,61,000 మంది జవాబిచ్చారు. చదువుకున్నవారు, స్థితిమంతులే అందులో ఎక్కువగా పాల్గొన్నారని గమనించి, దేశ జనాభాకు సరిపోయేలా ఎంచుకున్న మరో 1,026 మందిని విడిగా అడిగారు. మైక్ శావేజ్, ఫియోనా డివైన్ నాయకత్వంలోని సామాజిక శాస్త్రవేత్తలు ఆ జవాబులను విశ్లేషించి వర్గాలను నిర్ణయించారు. ఫ్రెంచ్ పండితుడు పియరీ బోర్దియూ ఆలోచన దీనికి పునాది. చేతిలో ఉన్న డబ్బుతో పాటు, తెలిసిన మనుషులూ, ఒంటబట్టిన సంస్కృతీ కూడా మనిషికి పెట్టుబడులేనని ఆయన వాదించాడు. అందుకే ఈ క్యాలిక్యులేటర్ జీతం అడిగి ఊరుకోదు.

దీనికి ముందు నుంచీ వాడుకలో ఉన్న కొలతలు నాకు బాగా పరిచయం. మార్కెట్ పరిశోధన సంస్థలు వాడే ఏ, బీ, సీ1, సీ2, డీ, ఈ అనే అక్షరాల పద్ధతి ఇంట్లో ఎక్కువ సంపాదించే వ్యక్తి ఉద్యోగాన్ని బట్టి కుటుంబం మొత్తానికీ ఒక అక్షరం తగిలిస్తుంది. సీ1 వరకు మధ్యతరగతి, ఆ కింద కార్మిక వర్గం. సబ్బులు, పత్రికలు అమ్ముకునేవారికి అది చాలు. 2001 నుంచి ప్రభుత్వ గణాంకాల్లో వాడుతున్న పద్ధతి ఇంతకంటే ఎంతో గంభీరమైనది. ఉద్యోగంలో భద్రత ఎంత, నెలజీతమా గంట కూలీయా, పని ఎలా చేయాలో నిర్ణయించుకునే స్వేచ్ఛ ఉందా అన్నవి దాని ప్రాతిపదికలు. అయితే గుంటూరులో వైద్యం చదివి, విదేశీ డాక్టర్లు ఇక్కడ పనిచేయడానికి రాసే ప్లాబ్ పరీక్ష రాసి, ఆసుపత్రి క్వార్టర్స్‌లో మరో ముగ్గురితో వంటగది పంచుకుంటున్న యువ వైద్యురాలిని, ఆక్స్‌ఫర్డ్‌లో సొంత ఇంట్లో ఉండే డాక్టర్ల కుటుంబంలో పుట్టి డాక్టరైన యువతినీ అది ఒకే గడిలో కూర్చోబెడుతుంది.

ఈ మధ్య ఇక్కడి ఉద్యోగాల్లో మరో ప్రశ్న ఎదురవుతోంది. మీకు పద్నాలుగేళ్ల వయసున్నప్పుడు ఇంట్లో ప్రధానంగా సంపాదించేవారి వృత్తి ఏమిటి అన్నది ఆ ప్రశ్న. పేద కుటుంబాల పిల్లలకు పైకి ఎదిగే అవకాశాలను పరిశీలించే సోషల్ మొబిలిటీ కమిషన్ అనే సంస్థ సిఫార్సు చేసిన ఈ ఒక్క ప్రశ్న నా దృష్టిలో చాలా విలువైనది. ఎందుకంటే 2019లో శామ్ ఫ్రీడ్‌మన్, డేనియల్ లారిసన్ ప్రచురించిన పరిశోధన ప్రకారం, ఈ దేశంలో పెద్ద వృత్తుల్లోకి చేరగలిగిన తరువాత కూడా కార్మిక కుటుంబాల పిల్లలు తమ తోటివారికంటే సగటున 16 శాతం తక్కువ సంపాదిస్తున్నారు. మనవారు ఈ ప్రశ్నకు 'రైతు' అని రాస్తే, అది యాభై ఎకరాల ఆసామియా, మూడెకరాల కౌలుదారా అన్నది లండన్‌లో కూర్చున్న అధికారికి అర్థం కాదు. అయినా అడగడం మంచిదే.

ఇక క్యాలిక్యులేటర్‌లో నాకు అన్నిటికంటే నచ్చిన భాగానికి వస్తాను. ఈ వృత్తుల్లో ఉన్నవారిలో మీకు స్నేహపూర్వకంగా ఎవరెవరు తెలుసు అని అది ఒక జాబితా చూపిస్తుంది. అందులో నర్సు, ఉపాధ్యాయుడు, సొలిసిటర్ అంటే న్యాయవాది, లారీ డ్రైవర్, ఎలక్ట్రీషియన్, సంస్థ అధిపతి, కాల్ సెంటర్ ఉద్యోగి, శాస్త్రవేత్త, అకౌంటెంట్, పారిశుద్ధ్య పనివారు, ఇంకా ఎందరో ఉంటారు. మీరు టిక్ పెట్టిన వృత్తుల స్థాయి ఎంత, వైవిధ్యం ఎంత అన్నవి రెండూ లెక్కలోకి వస్తాయి. ఇది ఊసుపోక అడిగిన ప్రశ్నలా కనిపించవచ్చు గాని, బ్రిటిష్ మధ్యతరగతి గుట్టంతా ఇక్కడే ఉందని నా గట్టి నమ్మకం.

మా అమ్మాయి ఇయర్ 10లో, అంటే పద్నాలుగు పదిహేనేళ్ల పిల్లల తరగతిలో ఉన్నప్పుడు బడి నుంచి ఒక ఫారం వచ్చింది. పిల్లలు వారం రోజులు ఏదైనా ఒక చోట పని అనుభవం సంపాదించాలి, ఆ చోటును కుటుంబమే వెతుక్కోవాలి. సంస్థ పేరు, చిరునామా, పర్యవేక్షించే వ్యక్తి సంతకం, ఆ కింద ఉద్యోగుల బాధ్యతా బీమా పాలసీ నంబరు రాయడానికి ఒక చిన్న గడి. మా అమ్మాయికి న్యాయవాద వృత్తి చూడాలని ఉంది. మేమిద్దరం వంటగది బల్ల దగ్గర కూర్చుని ఫోన్లలోని పేర్లన్నీ పైనుంచి కిందికి చూశాం. సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లు, టెస్టర్లు, డాక్టర్లు, మళ్లీ సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లు. ఆసుపత్రిలో అడిగితే పదహారేళ్లు నిండాలన్నారు. అదే తరగతిలోని ఒక అబ్బాయికి వాళ్ల నాన్నగారి పాత స్నేహితుడి సొలిసిటర్ కార్యాలయంలో ఒక్క ఫోనుతో చోటు దొరికింది. మా జీతం వాళ్ల జీతానికి తీసిపోయేది కాదు. చివరికి మా వీధి చివర మందుల దుకాణం నడిపే గుజరాతీ పెద్దాయన ఆ ఫారం మీద సంతకం పెట్టి, బీమా పత్రం ఫోటో కాపీ కూడా తానే తీసి ఇచ్చారు. మా అమ్మాయి అక్కడ చాలా నేర్చుకుంది, ఆయనకు మేము ఎప్పటికీ కృతజ్ఞులం. కానీ న్యాయవాద కార్యాలయం తలుపు లోపలి నుంచి ఎలా ఉంటుందో ఆ వారం ఆ అబ్బాయికి తెలిసింది, మా అమ్మాయికి తెలియలేదు. ఈ తేడాను జీతం స్లిప్పు పట్టుకోలేదు. క్యాలిక్యులేటర్ పట్టుకుంది. అందుకు దానిని రూపొందించినవారిని మనస్ఫూర్తిగా అభినందిస్తున్నాను.

ఇంతగా మెచ్చుకున్న తరువాత నాకు కోపం తెప్పించిన భాగం గురించి కూడా అంతే వివరంగా చెప్పాలి. అది సంస్కృతి ప్రశ్న. పాతకాలపు ప్రభువుల భవంతులు చూడటానికి వెళతారా, ఒపెరాకు వెళతారా, జాజ్ వింటారా, శాస్త్రీయ సంగీతం వింటారా, నాటకాలకు, బ్యాలేకు వెళతారా, వీడియో గేములు ఆడతారా, జిమ్‌కు వెళతారా, హిప్‌హాప్ వింటారా అని అడుగుతుంది. అక్కడ ఒక సగటు తెలుగు ఇంటిని ఊహించండి. మంచి ఆదాయం, మోర్ట్‌గేజ్ మీద కొన్న ఇల్లు, కొంత పొదుపు, ఒకటి రెండు వృత్తులకే పరిమితమైన పరిచయాలు, అభిరుచుల వరుసలో రెండు మూడు టిక్కులు. ఈ జవాబులకు సరిగ్గా సరిపోయే వర్గం ఒకటి ఉంది. దాని పేరు టెక్నికల్ మిడిల్ క్లాస్, జనాభాలో 6 శాతం. డబ్బున్నా మనుషులకు దూరంగా ఉండేవారు, సంస్కృతి పట్ల ఉదాసీనులు అన్నది ఆ వర్గానికి బీబీసీ ఇచ్చిన వర్ణన.

ఉదాసీనులు అన్న ఆ మాటను నేను అంగీకరించలేను. శనివారం ఉదయం పిల్లల్ని కారెక్కించుకుని లండన్‌లోని భారతీయ విద్యాభవన్‌కు కర్ణాటక సంగీతం పాఠానికి తీసుకువెళ్లే కుటుంబాలు ఉన్నాయి. జనవరి చలిలో హాలు అద్దెకు తీసుకుని త్యాగరాజ పంచరత్న కీర్తనలు అందరూ కలిసి పాడేవారు ఉన్నారు. ఇంట్లో పోతన పద్యాలు కంఠస్థం చేయించే అమ్మమ్మలు ఉన్నారు. శాస్త్రీయ సంగీతం అన్న గడిలో టిక్ పెట్టుకోవచ్చు కదా అని మీరు అనవచ్చు. పెట్టుకోవచ్చు గాని, ఆ గడిని రాసినవారి మనసులో ఉన్నది బీథోవెన్ అని చదివేవారందరికీ తెలుసు కాబట్టి, మనలో చాలామంది చెయ్యి అక్కడ ఆగిపోతుంది. అవధానం, హరికథ, కూచిపూడి అన్నవాటికి చోటే లేదు. కొలబద్ద తనకు తెలియనిదాన్ని శూన్యంగా లెక్కగట్టి, ఆ శూన్యానికి ఉదాసీనత అని పేరు పెట్టింది. సంగీతం, సాహిత్యం విషయంలో ఇది మన ఒక్కరి బాధే కాదు. గాస్పెల్ పాటల చుట్టూ జీవితాన్ని అల్లుకున్న నైజీరియా కుటుంబాలకూ, చర్చి హాల్లో ఇత్తడి వాద్య బృందం నడుపుకునే పాత గని గ్రామాలకూ అందులో తమ ముఖం కనిపించదు.

భవంతుల విషయం ఇంకా లోతైనది. మేముండే రెడింగ్‌కు దగ్గరలో బాసిల్డన్ పార్క్ అనే భవనం ఉంది. పాత భవనాలను కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ దాన్ని నిర్వహిస్తుంది. కారు అద్దానికి సభ్యత్వ స్టిక్కరు అంటించుకుని వచ్చే కుటుంబాలు అక్కడ గదులన్నీ తిరిగి, టీ గదిలో స్కోన్లు తిని, తోటలో నడిచి వెళతాయి. బ్రిటిష్ మధ్యతరగతి ఆదివారానికి అంతకు మించిన నమూనా దొరకదు. ఆ భవనాన్ని 18వ శతాబ్దంలో కట్టించింది ఫ్రాన్సిస్ సైక్స్. ఆయన ఈస్టిండియా కంపెనీ కొలువులో బెంగాల్‌లో సంపాదించి తెచ్చిన సొమ్ము దాని పునాదుల్లో ఉంది. అక్కడికి వెళ్లమనే నా సలహా. తోట అందమైనది, చరిత్ర మనది కూడా. కానీ ఆ ఇంటిని తీరికగా చూసి రావడం సంస్కృతి అనీ, అందులోకి సొమ్ము ఎక్కడి నుంచి వచ్చిందో ఆ నేల పాటలు పాడుకోవడం సంస్కృతి కాదనీ చెప్పే లెక్కకు నేను తల ఊపను.

ఇప్పుడు ఇంటి సంగతి. మీ ఇల్లు సొంతమా, అద్దెదా, సొంతమైతే విలువ ఎంత అని క్యాలిక్యులేటర్ అడుగుతుంది. కొనేటప్పుడు ముందుగా కట్టే డిపాజిట్ ఎవరిచ్చారు అని అడగదు. నా దృష్టిలో ఇదే దాని అతిపెద్ద లోపం. 1997లో ఇంగ్లండ్‌లో మధ్యస్థ ఇంటి ధర మధ్యస్థ వార్షిక జీతానికి సుమారు మూడున్నర రెట్లు ఉండేది. ఇటీవలి సంవత్సరాల్లో అది ఎనిమిది రెట్ల చుట్టూ తిరుగుతోంది. ఆ కాలంలో ఇల్లు కొన్న ఉపాధ్యాయ దంపతులు జీతంతోనే మధ్యతరగతి అయ్యారు. వారి పిల్లలు అదే ఉద్యోగం చేస్తూ అదే ఊళ్లో ఇల్లు కొనాలంటే అమ్మానాన్నల సాయం కావాలి. బ్యాంక్ ఆఫ్ మమ్ అండ్ డాడ్ అన్న మాట ఇక్కడి ఇళ్ల దళారుల నోట మామూలుగా వినిపిస్తుంది. మన ఇళ్లలో డబ్బు ఎక్కువగా ఎదురు దిశలో ప్రవహిస్తుంది. నాన్న పొలం అమ్మి కట్టిన ఎంఎస్ ఫీజు, దానిమీద విద్యారుణం, తరువాత చెల్లెలి పెళ్లి, అమ్మ మోకాలి ఆపరేషన్, ఇవన్నీ ఇక్కడి జీతం నుంచే వెళ్లాలి. ఒకే కార్యాలయంలో, ఒకే జీతంతో, పక్కపక్క కుర్చీల్లో కూర్చున్న ఇద్దరిలో ఒకరి వెనుక ఇల్లు నిలబడి ఉంది, మరొకరి మీద ఇల్లు ఆధారపడి ఉంది. ఇద్దరికీ వచ్చే ఫలితం మాత్రం ఒకటే. నా వీడియోకు డబ్బిచ్చిన సంస్థ సహా ఏ సలహాదారు దగ్గరకు వెళ్లినా, మీ జీతంతో పాటు మీరు ఊరికి పంపే మొత్తాన్ని కూడా దాచకుండా చెప్పండి. అప్పుడే మీరు భరించగలిగే వాయిదా ఎంతో తేలుతుంది.

ఇక్కడ పుట్టినవారు తమ గురించి ఏమనుకుంటారన్నది కూడా మనవారికి తెలియాలి. 2016లో వెలువడిన బ్రిటిష్ సోషల్ ఆటిట్యూడ్స్ అనే ప్రజాభిప్రాయ సర్వే నివేదిక ప్రకారం, మేనేజర్లు, వృత్తి నిపుణులుగా పనిచేస్తున్నవారిలో 47 శాతం మంది తమను కార్మిక వర్గంగానే చెప్పుకున్నారు. మన ఊళ్లలో రెండు ప్లాట్లు, కారు ఉన్నవారు కూడా మాది మధ్యతరగతి అంటారు. ఇక్కడ తాత బొగ్గు గనిలో పనిచేశాడన్న జ్ఞాపకం మనవడి న్యాయవాద పట్టా కంటే బలంగా నిలబడుతుంది. అందుకని ఆఫీసులో ఎవరైనా తాను కార్మిక వర్గం అంటే, జీతం చూసి వాదించకండి. వారు చెబుతున్నది తమ కుటుంబ కథ.

నా తీర్పు ఇది. పరిచయాల ప్రశ్న కోసం ఈ క్యాలిక్యులేటర్‌ను తప్పకుండా వాడండి. ఆ జాబితాను ఇంటిల్లిపాదీ కలిసి చదివి, ఎక్కడెక్కడ టిక్ పెట్టలేకపోయారో రాసుకోండి. చివర వచ్చే వర్గం పేరును పట్టించుకోకండి, ముఖ్యంగా టెక్నికల్ మిడిల్ క్లాస్ అని వస్తే ఆ వర్ణనను పిల్లలకు చదివి వినిపించకండి. ఐదు నక్షత్రాలకు రెండున్నర ఇస్తున్నాను. ఆ రెండున్నరా ఆ ఒక్క ప్రశ్నకే.

ఈ వీడియో చూస్తున్నవారిలో సొలిసిటర్లు, ఆర్కిటెక్టులు, అకౌంటెంట్లు, కౌన్సిల్ ఉద్యోగులు, సొంత ఎలక్ట్రికల్ వ్యాపారం ఉన్నవారు ఉంటే, ఇయర్ 10 పిల్లలకు వారం రోజులు చోటు ఇవ్వగలరేమో మీ సంస్థలో అడిగి చూడండి. వీలుంటే మీ ఊరు, వృత్తి మాత్రం కింద రాయండి. మీ పిల్లలకూ, మీ స్నేహితుల పిల్లలకూ ఎలాగూ చేస్తారు. మీకు ఇంతవరకు పరిచయం లేని ఇంటి పిల్లకు ఆ ఫారం మీద సంతకం పెట్టమని అడుగుతున్నాను.