ఆ ‘వేస్ట్’ కోయకండి

వేదిక మీది పెద్దలకు, ఫొటో, వీడియోగ్రాఫర్ మిత్రులకు నమస్కారం. అందరి పేర్లూ చదవను, భోజనాల వేళైంది.

ప్రపంచ ఫొటోగ్రఫీ దినోత్సవం నాడు పాత వీడియో క్యాసెట్ల గోలేంటంటారా? మా పెళ్లి క్యాసెట్‌ని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించమని ఒక షాపులో ఇచ్చాం. మూడు గంటల క్యాసెట్టు నలభై నిమిషాలై తిరిగొచ్చింది. "వేస్ట్ అంతా తీసేశాం సార్" అన్నాడు కుర్రాడు. పైగా అంతా సినిమా పాటలే. ఆ వేస్ట్ ఏంటో తెలుసా అండీ? మా నాయనమ్మ విస్తరి ముందు కూర్చుని, వీడియో లైటుకి చెయ్యి అడ్డం పెట్టుకుని, "ఆ దీపం అటు తిప్పు నాయనా, ఏం తింటున్నానో కనపడట్లా" అని కసరడం! ఆవిడ గొంతు ఇంకెక్కడా లేదు. ఫొటోలున్నాయి. ఫొటో కసరదు కదా.

అసలు క్యాసెట్ పారేయలేదు కాబట్టి మళ్లీ వేరేచోట చేయించాం. అందుకే చెప్తున్నా, ఫైలు చేతికొచ్చినా క్యాసెట్ పారేయకండి.

ఇది తొందరపడితే అయ్యే పని కాదని మీకు తెలుసు. మూడు గంటల టేపుకి మూడు గంటలూ ఆడించాల్సిందే. లోపల బూజుందేమో ముందు చూడండి, క్యాసెట్ కిటికీలోంచి టేపు చుట్ట అంచున తెల్లగా కనిపిస్తుంది. మన ముసుర్లకి మామూలే. అది తుడవకుండా వీసీఆర్‌లో, అదే క్యాసెట్లు ఆడించే మిషన్‌లో పెడితే, టేపుని చదివే హెడ్డు పాడవడమే కాదు, తర్వాత పెట్టిన క్యాసెట్‌కీ అంటుకుంటుంది. టేపు మీద బొమ్మ రికార్డయ్యే పొడిని, అంటే ఐరన్ ఆక్సైడ్‌ని, పట్టి ఉంచే జిగురు కూడా తేమకి చెడిపోతుంది. కస్టమర్ రేపొస్తాలే అంటే, ఇవాళే తెమ్మనండి.

తెచ్చాక మాత్రం, బాబ్బాబు, కోయకండి! ముందు మొత్తం ఫైలు ఇవ్వండి. డీవీ అనే డిజిటల్ వీడియో ఫార్మాట్‌లో అయితే గంటకి సుమారు 13 జీబీ. ఇవాళ్టి హార్డ్ డిస్కులకి అదో లెక్కా? పాటలు, హైలైట్లు కావాలంటే వేరే ఫైలుగా చేయండి, మీ ఇష్టం. పంతులుగారి దగ్గు, పిల్లల ఏడుపు, వంటవాళ్లతో మా బాబాయి గొడవ, అవన్నీ ఉండనివ్వండి.

ఇంకో మాట. వీసీఆర్‌లు తయారుచేస్తూ వచ్చిన చివరి కంపెనీ, జపాన్‌లోని ఫునాయ్, 2016లోనే ఆపేసింది. ఇక ఉన్నవాటినే బాగుచేయించుకోవాలి. మీలో ఎవరింట్లో ఆడే వీసీఆర్ ఉంది? చేతులెత్తండి. పాత ఇనుముకి వేసేయకండి బాబూ. ఆ వెనక చొక్కా మడిచినాయన, మీరు వెళ్లిపోకండి, భోజనాల దగ్గర మీతో పనుంది.