ముందు నెల చూడండి, తర్వాత గంట, ఆ తర్వాతే ఊరు: కోనసీమలో ఒక రోజు తిండి ప్రయాణం

అక్క: నమస్కారమండీ. ఈ వారం మాట్లాడుకునేది రాజమండ్రిలో తెల్లారగట్ల బయల్దేరి, కోనసీమ చుట్టి, రాత్రికి ఇల్లు చేరే ప్రయాణం గురించి. పిల్లలూ పెద్దవాళ్లూ కలిసి వెళ్తే ఎక్కడ ఏం తినాలి, ఏం కొనాలి, కొన్నది పాడవకుండా ఇంటికెలా తేవాలి, ఇదీ సంగతి.

తమ్ముడు: అక్కా, చాలామంది ఊళ్ల పేర్లు రాసుకుని వస్తారు. అంబాజీపేట, దిండి, అంతర్వేది, ఆత్రేయపురం. ఊరు తెలిస్తే సరిపోదా?

అక్క: సరిపోదు తమ్ముడూ. అంబాజీపేటకి పదకొండింటికి వెళ్తే పొట్టిక్క దొరకడం కష్టం. జనవరిలో పులస చేప అడిగితే ఇస్తారు గానీ, అది పులస కాదు. మన దగ్గర ముందు నెల చూసుకోవాలి, తర్వాత గంట. ఊరు మూడోది.

తమ్ముడు: అయితే గంటతోనే మొదలెడదాం. ఎన్నింటికి బయల్దేరాలి?

అక్క: ఐదున్నరకి. జొన్నాడ, రావులపాలెం, కొత్తపేట మీదుగా ఎనిమిదిలోపు అంబాజీపేటలో ఉండాలి. ఇంట్లో టిఫిన్ చెయ్యొద్దు. పిల్లలకి ఆకలేస్తే రావులపాలెంలో చక్కెరకేళి అరటిపళ్లు కొనండి. అక్కడిది పెద్ద అరటి మార్కెట్టు. తొక్క మీద చిన్న చిన్న మచ్చలున్న పండైతే అప్పటికప్పుడు తినొచ్చు. పచ్చదనం పోని గెల ఇంటికి తీసుకెళ్లడానికి.

తమ్ముడు: పొట్టిక్క అంటే పనసాకు బుట్టలో ఉడికించిన ఇడ్లీయే కదా, దానికోసం అంత పొద్దున్నే పరిగెత్తాలా అంటారు కొందరు.

అక్క: పిండి ఇడ్లీదే, రుచి వేరు. ఒక గ్లాసు మినప్పప్పుకి రెండు గ్లాసుల ఇడ్లీ రవ్వ. రుబ్బి రాత్రంతా పులియబెడతారు. నాలుగు పనసాకులు ప్లస్ గుర్తులా పేర్చి, పక్కలు పైకి లేపి, కొబ్బరి ఈనె ముక్కలతో కుట్టి బుట్ట చేస్తారు. బుట్టలో ముప్పావు వంతే పొయ్యాలి, పిండి పొంగుతుంది కదా. ఇడ్లీకి పదీ పన్నెండు నిమిషాలైతే దీనికి ఇరవై, ఇరవై అయిదు పడుతుంది. మందం ఎక్కువ, పైగా చుట్టూ ఆకు.

తమ్ముడు: ఇంట్లో చేసుకునేవాళ్లకి ఎక్కడ తేడా కొడుతుంది?

అక్క: ఆకు దగ్గరే. మరీ లేతాకైతే కుట్టేటప్పుడే చిరుగుతుంది. ముదిరి ఎండుమొహం పట్టిన ఆకు మడత దగ్గర పగిలి పిండి కారుతుంది. ముదురాకుపచ్చగా ఉండి, వంచితే వంగే ఆకు కావాలి. కోసిన రోజే కుట్టెయ్యాలి. ఉడికిందో లేదో చూడ్డానికి ఒక ఆకు కొసన పట్టుకుని లాగండి. పిండి అంటకుండా ఊడొస్తే అయినట్టు. జిగురుగా అంటుకుంటే మళ్లీ మూతపెట్టి ఐదు నిమిషాలు ఉంచండి. ఆకు వొలిచిన వెంటనే ఆ పనసాకు వాసన గుప్పుమంటుంది చూడు, దానికోసమే అంత దూరం వెళ్లడం. చల్లారితే ఆ వాసన సగం పోతుంది. అందుకే పార్సిల్ వద్దంటాను. కొబ్బరి చట్నీ, అల్లప్పచ్చడి వేయించుకుని అక్కడే వేడివేడిగా తినండి.

తమ్ముడు: అక్కణ్ణుంచి?

అక్క: పి.గన్నవరం, రాజోలు మీదుగా అంతర్వేది. లక్ష్మీనరసింహస్వామి దర్శనం చేసుకుని, గోదారి పాయ వశిష్ఠ సముద్రంలో కలిసేచోటు అన్నాచెల్లెళ్ల గట్టు చూసి రావచ్చు. నదీ సముద్రమూ కొట్టుకునే చోటు కాబట్టి పిల్లల్ని నీళ్లలోకి దింపొద్దు. మాఘంలో భీష్మ ఏకాదశి ముందు రాత్రి కల్యాణం, ఆ రోజుల్లో కారు పెట్టడానికే చోటుండదు, కుటుంబంతో తిండి ప్రయాణానికి ఆ వారం మానుకోండి.

తమ్ముడు: సఖినేటిపల్లి రేవులో పంటు, అదే రేవు దాటించే పెద్ద పడవ, ఎక్కి నరసాపురం దాటితే పిల్లలకి భలే సరదా. కార్లు కూడా ఎక్కిస్తారు.

అక్క: వరద లేనప్పుడు తప్పకుండా ఎక్కండి. గోదారి పోటెత్తితే పంటు ఆపేస్తారు. పులస కోసం వచ్చేవాళ్లు వచ్చేది సరిగ్గా ఆ వరద నెలల్లోనే కదా. అప్పుడు దిండి దగ్గర చించినాడ వంతెన మీదుగా పాలకొల్లు వెళ్లాలి. రేవు దాకా వెళ్లి వెనక్కి తిరిగితే మధ్యాహ్నం భోజనం పోతుంది.

తమ్ముడు: భోజనం మాటొచ్చింది కాబట్టి చెప్పండి. కొత్త ఊళ్లో మంచి భోజన హోటలు కనిపెట్టడం ఎలా?

అక్క: పన్నెండున్నరకల్లా కూర్చోవాలి. రెండు దాటాక వెళ్తే ఏ హోటల్లోనైనా వేపుడు మెత్తబడి ఉంటుంది, మిగిలింది కలిపి పెడతారు. కూర్చునే ముందు ఒక్కటే అడగండి: ‘ఇవాళ పులుసు దేంతో చేశారండీ? ఆవపెట్టిన కూరుందా?’ వంటాయన కంద, పనసపొట్టు, అరటికాయ, ఇలా ఏదో ఒక పేరు చెప్తే ఆ పూట మార్కెట్టుకెళ్లి తెచ్చి వండినట్టు. ‘అన్నీ ఉన్నాయండి’ అంటే కొంచెం ఆలోచించండి. మీ దారి కాకినాడ వైపైతే సుబ్బయ్యగారి హోటలుంది, శాకాహార భోజనానికి పేరు మోసింది. ఆకలిగా వెళ్లాలి, పొద్దున టిఫిను తగ్గించుకోవాలి. కోటయ్య కాజా కూడా అక్కడిదే.

తమ్ముడు: గొట్టం కాజాకీ తాపేశ్వరం మడత కాజాకీ తేడా తెలియక ఒకటడిగి ఇంకోటి కొనేవాళ్లున్నారక్కా.

అక్క: కాకినాడది గొట్టంలా ఉంటుంది, కొరికితే లోపలున్న పాకం నోట్లోకి దూకుతుంది. తాపేశ్వరానిది పొరలు పొరలుగా మడత. చిన్నపిల్లలకి మడత కాజా ఇవ్వండి, బట్టలు బతుకుతాయి. రెండూ బాగా నిలవుంటాయి. పూతరేకుల సంగతి అలా కాదు, అది ఆఖర్న కొనాలి.

తమ్ముడు: అంటే ఆత్రేయపురం తిరుగు ప్రయాణంలో?

అక్క: ఆయ్. పొద్దున కొని రోజంతా కారు ఎండలో ఉంచితే నెయ్యి కరిగి అడుగుకి దిగుతుంది, పైన రేకు ఎండిపోతుంది. సాయంత్రం నాలుగింటికి రావులపాలెం నుంచి ఆత్రేయపురం చేరండి. వేళుంటే ర్యాలిలో జగన్మోహినీ కేశవస్వామిని చూడండి, ఒకే శిలలో ముందు విష్ణువు, వెనక మోహిని. అక్కణ్ణుంచి లొల్ల లాకులు, బొబ్బర్లంక మీదుగా బ్యారేజీ ఎక్కితే ధవళేశ్వరం. పొద్దుగూకే వేళ ఆ దారి చాలా బావుంటుంది.

తమ్ముడు: రేకు ఎలా తీస్తారో పిల్లలకి చూపించాలనుకునేవాళ్లకి కొంచెం వివరంగా చెప్పండి.

అక్క: ఆ కుండ చూశావా, నున్నగా, పెద్దగా ఉంటుంది. దాన్ని పొయ్యిలా బోర్లిస్తారు, పక్కనున్న మూతి లోంచి ఎండు కొబ్బరాకులు పెట్టి మంట వేస్తారు. కొబ్బరాకు ఎందుకంటే మంట సమంగా పరుచుకుంటుంది, కావాల్సినప్పుడు పెంచొచ్చు, తగ్గించొచ్చు. జయ రకం బియ్యం నానబెట్టి, మెత్తగా రుబ్బి, పాలంత పల్చగా చేస్తారు. పల్చటి గుడ్డని రెండు చేతులతో పట్టుకుని అందులో ముంచి, కుండ మీద ఇటు వేసి అటు లాగేస్తారు. రెండు క్షణాలు. ఆవిరి లేచిపోయి తెల్లటి పొర మిగులుతుంది, కొస పట్టి ఎత్తేస్తారు. కుండ వేడి తగ్గితే పొర అంటుకుపోతుంది. ఎక్కువైతే ఎత్తకముందే పెళుసుబారి విరుగుతుంది. పిండి చిక్కబడితే అప్పడంలా వస్తుంది. రేకు తీసే ఆవిడ కళ్లు కుండ మీదుంటే చెయ్యి మంట సర్దుతూ ఉంటుంది. గంటలకొద్దీ ఆ సెగ దగ్గర కూర్చుని చేసే పని అది. ఆత్రేయపురం పూతరేకులకి 2023లో జీఐ, అంటే ఆ ఊరి సొంత సరుకన్న గుర్తింపు వచ్చిందంటే ఆ ఆడవాళ్ల చేతుల వల్లే.

తమ్ముడు: కొనేటప్పుడు మంచిది ఎలా గుర్తుపట్టాలి?

అక్క: ఒకటి కొని అక్కడే తినండి. రేకు నాలుక మీద పెట్టగానే కరగాలి, నమలాల్సి వస్తే మందంగా తీసినట్టు. ఇక నెయ్యి. తిన్నాక అంగిట్లో మైనం పూసినట్టు పొర నిలిచిపోతే అందులో డాల్డా ఉంది. నెయ్యి నోటి వేడికి కరిగిపోతుంది, డాల్డా అంత తొందరగా కరగదు. చూడ్డానికి రెండూ ఒకలాగే ఉంటాయి, అంగిలికి మాత్రం తెలిసిపోతుంది.

తమ్ముడు: బెల్లంవా, పంచదారవా?

అక్క: రుచికి బెల్లం, నిలవకి పంచదార. బెల్లం తేమ లాగి రేకుని మెత్తబరుస్తుంది, అందుకే బెల్లంవి నాలుగైదు రోజుల్లో అవగొట్టండి. ఫ్రిజ్‌లో పెట్టొద్దు, నెయ్యి గడ్డకట్టి రేకు సాగుతుంది. మూత బిగుతుగా ఉన్న స్టీలు డబ్బా చాలు. దూరం వెళ్లేవాళ్లకి నేను చెప్పేది ఇంకోటుంది. ఉత్త రేకులు కొనుక్కెళ్లండి. పది పూతరేకులకి ఇరవై రేకులు, 200 గ్రాముల బెల్లం పొడి, 100 గ్రాముల నెయ్యి, నాలుగైదు యాలకులు. గట్టిగా పిండిన తడిగుడ్డ మీద రేకు ఒక్క క్షణం ఆనించి తియ్యాలి, మడతకి వంగుతుంది. నెయ్యి రాసి, పొడి చల్లి, రెండో రేకు పరిచి మళ్లీ నెయ్యి, పొడి. పక్కలు లోపలికి మడిచి చుట్టడమే. గుడ్డలో నీళ్లు ఎక్కువైతే రేకు ముద్దయిపోతుంది. అందరికీ చెడేది అక్కడే.

తమ్ముడు: ఇంక పులసకొద్దాం. పుస్తెలమ్మైనా పులస తినాలంటారు, ధర కూడా ఆ సామెతకి తగ్గట్టే ఉంది.

అక్క: వేలల్లో ఉంటుంది కాబట్టే మోసం కూడా ఎక్కువ. సముద్రంలో ఉన్నప్పుడు దాని పేరు విలస. వరదకి ఎర్రనీరు సముద్రంలో కలిసినప్పుడు, జులై నుంచి సెప్టెంబరు దాకా, గుడ్లు పెట్టడానికి గోదాట్లోకి ఎదురీదుతుంది. ఆ తీపినీళ్లలో ఈదే కొద్దీ ఒంట్లో ఉప్పదనం పోయి రుచి మారుతుంది, అప్పుడది పులస. ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట అడ్డం కాబట్టి యానాం, కోటిపల్లి, బోడసకుర్రు వైపు నుంచి ధవళేశ్వరం లోపే పట్టేది. మిగతా నెలల్లో పులస అని బోర్డు కనిపిస్తే అది విలస, లేదంటే ఒడిశా నుంచో బెంగాల్ నుంచో ఐసులో వచ్చింది. తినకూడదని కాదు, పులస ధర పెట్టకూడదు.

తమ్ముడు: సీజన్లో కూడా కలిపి అమ్ముతారు కదా?

అక్క: అమ్ముతారు. పొద్దున్నే రేవు దగ్గర, వల దిగిన చేప కొనండి. మొప్ప ఎత్తితే ఎర్రగా ఉండాలి, కన్ను ఉబ్బి నిగనిగలాడాలి, పొట్ట నొక్కితే వేలు గుంట పడకూడదు. ఏటి చేప గుండ్రంగా బలిసి, వెండి పొలుసు మీద కొంచెం బంగారు ఛాయ వేస్తుంది. ఐసు చేప కన్ను లోపలికి పోయి మబ్బుగా ఉంటుంది. హోటల్లో తినాలంటే ముందురోజే ఫోన్ చేసి చెప్పాలి. ఆ పూట పట్టి ఆ పూట వండింది ఎందుకు తక్కువంటే, పులుసు రాత్రి ఊరితేనే బావుంటుంది.

తమ్ముడు: ఇంట్లో వండుకునేవాళ్లకి కొలతలు చెప్పండక్కా. అంత డబ్బు పోసి కొన్నాక పాడైతే ప్రాణం ఉసూరుమంటుంది.

అక్క: కిలో చేపకి 80 గ్రాముల చింతపండు, నాలుగు ఉల్లిపాయలు, పది పచ్చిమిర్చి నిలువుగా చీల్చి, మూడు చెంచాల కారం, 150 గ్రాముల నూనె, ఆరేడు బెండకాయలు నిడుపాటివే. పొలుసు తీసి, చేప నిండుగా ఉన్నప్పుడే శుభ్రంగా కడగాలి. ముక్కలు కోశాక ఒక్కసారే నీళ్లు పొయ్యండి, పదేపదే కడిగితే కొవ్వంతా పోతుంది, పులస రుచంతా ఆ కొవ్వులోనే. వెడల్పు మట్టి దాకలో ఉల్లిముద్ద వేయించి, ఉప్పు, పసుపు, కారం, పులుసు పోసి, తెర్లాక ముక్కలు ఒకే వరసలో పేర్చండి. ఇక గరిటె పెట్టొద్దు. గుడ్డతో దాక పట్టుకుని గుండ్రంగా కుదపాలి. సన్నటి సెగ మీద గంట. సగంలో బెండకాయలు, దించే ముందు జీలకర్ర మెంతిపొడి, రెండు చెంచాల ఆవకాయ నూనె, కాస్త వెన్న. మర్నాడు వేడన్నంలో.

తమ్ముడు: ముళ్లు?

అక్క: పిల్లలకి పొట్ట ముక్క పెట్టండి. అక్కడ ముళ్లు పెద్దవి, కనిపిస్తాయి. వీపు వైపు, తోక వైపు సన్నముళ్లుంటాయి, అవి పెద్దవాళ్లకి. ఫోను పక్కన పెట్టి, వేళ్లతో విడదీసుకుంటూ తినాల్సిన చేప.

తమ్ముడు: చేప తినని ఇంటివాళ్లు అడుగుతారు, మాకేంటని.

అక్క: పనసపొట్టు ఆవపెట్టిన కూర. లేత పనస దొరికే ఎండాకాలం మొదట్లో వచ్చి, మార్కెట్లో కొట్టి అమ్మే పొట్టు అరకిలో కొనుక్కోండి. పసుపు, ఉప్పు వేసి పది పన్నెండు నిమిషాలు ఉడికించి, చల్లారాక గట్టిగా పిండాలి. తడి మిగిలితే కూర ముద్దవుతుంది. నాలుగు చెంచాల నూనెలో శనగపప్పు, మినప్పప్పు, ఎండుమిర్చి, అల్లం, పచ్చిమిర్చి, జీడిపప్పు, కరివేపాకు పోపు పెట్టి, ఉసిరికాయంత చింతపండు పులుసుతో పొట్టు కలిపి పొడిపొడిగా వేయించి దించెయ్యండి. ఆవ ఇప్పుడు కాదు. రెండు చెంచాల ఆవాలు, రెండు ఎండుమిర్చి, చిటికెడు ఉప్పు, కొంచెం చన్నీళ్లతో నూరి పక్కన పెట్టుకోండి. కూర చెయ్యి పెట్టగలిగేంత చల్లారాకే ఆవముద్ద, ఒక చెంచా పచ్చినూనె కలపాలి. పొయ్యి మీద ఉండగా కలిపితే ఘాటు పోయి చేదు మిగులుతుంది.

తమ్ముడు: ఎంతసేపాగి తినాలి?

అక్క: గంట. పొద్దున కలిపితే మధ్యాహ్నానికి ఆవ ముక్కుకెక్కుతుంది.