పదమూడో డ్రమ్ము

అందరికీ నమస్కారం. ఈ సభలో రొయ్యల చెరువుల రైతులున్నారు, బోట్ల యజమానులున్నారు, చీమకుర్తి నుంచి వచ్చిన క్వారీ మేనేజర్లున్నారు. డీజిల్ నిల్వ మీ అందరి దగ్గరా ఉంటుంది, లైసెన్సు మాత్రం కొందరి దగ్గరే ఉంటుంది. అదేమీ తప్పు కానక్కర్లేదు. ఎక్కడి దాకా తప్పు కాదో తెలియకపోవడమే చిక్కు.

1934 పెట్రోలియం చట్టం ప్రకారం పెట్రోలు ‘ఎ’ తరగతి, డీజిల్ ‘బి’ తరగతి. డీజిల్ ఒకచోట మొత్తం 2,500 లీటర్లు దాటకుండా, ఏ ఒక్క పాత్రా 1,000 లీటర్ల సామర్థ్యం మించకుండా ఉంటే లైసెన్సు అక్కర్లేదు. 200 లీటర్ల నిండు డ్రమ్ముల లెక్కన పన్నెండు, అంటే 2,400. పదమూడోది దింపారంటే గీత దాటినట్టే. రెండో షరతు చాలామంది మర్చిపోతారు. 2,000 లీటర్ల ట్యాంకు ఒక్కటే పెట్టుకుని, ‘మనది 2,500 లోపే కదా’ అంటే కుదరదు. పెట్రోలుకైతే ఇంకా బిగింపు. అమ్మకానికి కానిది 30 లీటర్లే, అదీ లోహపు డబ్బాలో అయితే డబ్బాకు 25 లీటర్లు మించకూడదు, గాజు సీసా అయితే ఒక్క లీటరే. ప్లాస్టిక్ డబ్బా మాట ఆ మినహాయింపులో లేదు.

‘డీజిల్ అంత తేలిగ్గా అంటుకోదు’ అనే ధీమా మన జిల్లాలో పనికిరాదు. డీజిల్ ఫ్లాష్ పాయింట్‌కు, అంటే నిప్పు తగిలితే ఆవిరి అంటుకునే కనీస వేడికి, ప్రమాణం పెట్టిన కనిష్ఠం 35 డిగ్రీలు. రోహిణి కార్తెలో రేకుల షెడ్డు కింద డ్రమ్ము అంతకంటే ఎక్కువే కాగుతుంది. అప్పుడు మూత తీస్తే పైన తేలే ఆవిరికి ఒక్క నిప్పురవ్వ చాలు. అందుకే డ్రమ్మును అంచు దాకా నింపకూడదు, నూటికి ఐదు వంతులు ఖాళీ వదలాలి. 200 లీటర్ల డ్రమ్ములో 190 చాలు.

ఈ పరిమితి దాటి భూగర్భ ట్యాంకు వేసేవాళ్ల సంగతికొద్దాం. లైసెన్సు ఇచ్చేది నాగపూర్ కేంద్రంగా పనిచేసే పెసో, అంటే పెట్రోలియం, పేలుడు పదార్థాల భద్రత చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ. ముందు కొలతలతో ప్లాను ఆమోదం, జిల్లా అధికారి నుంచి ఎన్‌ఓసీ (నిరభ్యంతర పత్రం), ఆ తర్వాతే కట్టుబడి, ట్యాంకు పరీక్ష, చివరికి లైసెన్సు. 2002 పెట్రోలియం నిబంధనల ప్రకారం ఎన్‌ఓసీ మీద మూడు నెలల్లోగా నిర్ణయం రావాలి. ముందు గుంత తవ్వి తర్వాత ప్లాను గీయించేవాళ్లే ఎక్కువ ఇబ్బంది పడతారు. ఆమోదించిన ప్లానే మీ అసలు లైసెన్సు. తర్వాత ట్యాంకు ఆవిరి బయటికి పోయే వెంట్ పైపు జరిపినా, పక్కన గది కట్టినా, మళ్లీ ఆమోదం కావాలి.

మన తీరంలో నీటిమట్టం పైకే ఉంటుంది. ఖాళీ చేసిన 20,000 లీటర్ల ట్యాంకును నీళ్లు దాదాపు 20 టన్నుల బలంతో పైకి తోస్తాయి. కాంక్రీటు దిమ్మెకు పట్టీలతో బిగించకపోతే అది నేలను చీల్చుకుని లేస్తుంది, పైపులు విరుగుతాయి.

ఇక ఎర్తింగ్, అంటే ట్యాంకు మీద చేరే విద్యుత్తును నేలలోకి దింపే ఏర్పాటు. ట్యాంకుకు రెండు చివర్లలో వేర్వేరుగా రెండు ఎర్త్‌లుండాలి. భూమికి నిరోధం 7 ఓమ్‌లు మించకూడదు, అమరికలో ఏ భాగానికైనా ఎర్త్ ప్లేటు దాకా 2 ఓమ్‌లు మించకూడదు. ఏడాదికోసారి పరీక్ష తప్పనిసరి. చాలామంది వానలు పడ్డాక నవంబరులో కొలిపిస్తారు, రీడింగు బాగా వస్తుంది. అది కాగితానికి పనికొస్తుంది, ట్యాంకుకు కాదు. ఇసుక ఎండిపోయిన మే నెలలో కొలిపించండి. ఉప్పుగాలికి ఎర్త్‌కు కలిపే జీఐ (జింకు పూత ఇనుము) పట్టీ బోల్టు దగ్గర లోపల్లోపలే తుప్పు పడుతుంది. పైన రంగు నిగనిగలాడుతూనే ఉంటుంది. బోల్టు విప్పి చూస్తే తప్ప తెలియదు.

నేల మీద ట్యాంకులున్న చోట చుట్టూ గోడ కడతారు. పెద్ద ట్యాంకు మొత్తం కారినా ఆగేంత సామర్థ్యం ఆ గోడ లోపల ఉండాలి. ఆ గోడకో వాన నీటి వాల్వ్ ఉంటుంది. తుఫాను రోజున తెరుస్తారు, మూయడం మర్చిపోతారు. 2009 అక్టోబరు 29న జైపూర్‌లోని ఇండియన్ ఆయిల్ చమురు నిల్వ టెర్మినల్‌లో పెట్రోలు లైను వాల్వ్ దగ్గర కారింది. గోడ వాల్వ్ తెరిచి ఉండడంతో పెట్రోలు వాన కాలువల్లోకి పోయింది. ఆవిరి గంటకు పైగా పరుచుకుని పేలింది, పదకొండు మంది చనిపోయారు. గోడ పడిపోలేదు, లైసెన్సూ ఉంది.

ఆ వాల్వ్ మామూలుగా మూసే ఉండాలి, తాళం పడాలి. నీళ్లు వదిలేటప్పుడు మనిషి దగ్గరే నిలబడి, పైన చమురు పొర తేలుతుందేమో చూసి, వదిలాక తానే మూయాలి. తెరిచిన టైము, మూసిన టైము, మూసినవాడి సంతకం షిఫ్టు పుస్తకంలో ఒకే వరుసలో ఉండాలి.